మోనార్క్‌కు ఏది మేలు: కౌలా, హామీనా?

అమెరికాలో మోనార్క్ సీతాకోకచిలుక కోసం కాస్త నేల వదలాలంటే ముఖ్యంగా రెండు రకాల ఒప్పందాలున్నాయి. ఒకదానిలో నేలను సాగు చేయకుండా వదిలినందుకు ప్రభుత్వం రైతుకు కౌలు ఇస్తుంది. దాని పేరు కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, అందరూ సీఆర్పీ అంటారు. రెండోది సీసీఏఏ, అంటే హామీలతో కూడిన సంరక్షణ ఒప్పందం. ఇందులో పైసా రాదు, ఎదురు ఫీజే కట్టాలి. అయినా కరెంటు కంపెనీలు, పైపులైన్ సంస్థలు, రాష్ట్రాల హైవే శాఖలు ఇందులో చేరుతున్నాయి. రెండిట్లోనూ బలవంతం ఏమీ లేదు.

మోనార్క్ గొంగళిపురుగు తినేది మిల్క్‌వీడ్ ఆకు ఒక్కటే. అది మన జిల్లేడు కుటుంబం మొక్క. మన ఊళ్లలో జిల్లేడు మీద కనిపించే నారింజ రంగు ప్లెయిన్ టైగర్, మోనార్క్‌కు దగ్గరి చుట్టం. గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే మొక్కజొన్న, సోయా వచ్చాక అయోవా రాష్ట్రం చుట్టుపక్కల చేలల్లో మిల్క్‌వీడ్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఇక మిగిలింది గట్లు, రోడ్ల పక్కలు, లైన్ల కింది జాగాలే. అసలు ఈ పోలిక అవసరమైంది అందుకే.

ముందు సీఆర్పీ. 1985 వ్యవసాయ చట్టంతో వచ్చింది. ఇందులో పరాగసంపర్క కీటకాల కోసమే సీపీ-42 అనే పద్దు ఉంది. ఒప్పందం 10 నుంచి 15 ఏళ్లు. ఏటా ఎకరాకింత అని కౌలు వస్తుంది, విత్తనం ఖర్చులో కూడా కొంత ఇస్తారు. వసంతం, నడి వేసవి, శరత్తు మూడింట్లోనూ ఏదో ఒకటి పూస్తూ ఉండేలా కనీసం 9 రకాల పూలమొక్కలు వేయాలి. పక్షులు గూళ్లు పెట్టే నెలల్లో కోత కోయకూడదు. మధ్యలో మానేస్తే తీసుకున్న డబ్బు వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. షరతులు గట్టివే, ఫలితమూ కంటికి కనిపిస్తుంది.

చిక్కల్లా గడువు ముగిశాక వస్తుంది. సీఆర్పీ కింద 2007లో సుమారు 3.68 కోట్ల ఎకరాలుండేవి. మొక్కజొన్నతో చేసే ఇథనాల్ ఇంధనానికి గిరాకీ పెరిగి మొక్కజొన్న ధర ఎగబాకింది. చట్టంలో పరిమితి కూడా తగ్గించారు. 2016 నాటికి సీఆర్పీ కింది నేల 2.4 కోట్ల ఎకరాలకు దిగింది. రైతును తప్పుపట్టలేం. పంటే ఎక్కువ ఇస్తుంటే కౌలు ఎవరికి కావాలి?

సీసీఏఏ లెక్క వేరు. 2020 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్, షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కలిసి దీన్ని మొదలుపెట్టాయి. చేరిన సంస్థ తన భూమిలో కొంత భాగంలో మోనార్క్‌కు పనికొచ్చే పద్ధతులు పాటించాలి. నడి వేసవిలో గడ్డి కోస్తే గుడ్లు, పురుగులు అన్నీ యంత్రం కింద నలిగిపోతాయి కాబట్టి ఆ కోతను ముందుకో వెనక్కో జరపాలి. కలుపు మందు జాగా మొత్తం కొట్టకుండా, తీసేయాల్సిన పొదకే కొట్టాలి. అక్కడక్కడ నమూనా జాగాలు తీసుకుని మిల్క్‌వీడ్, పూలమొక్కలు ఎలా ఉన్నాయో చూడాలి, ఏటా నివేదిక ఇవ్వాలి.

ప్రతిఫలంగా దొరికేది హామీ. రేపు మోనార్క్‌ను రక్షిత జాతుల జాబితాలో చేర్చినా, ఒప్పుకున్నదానికి మించి ఇంకేమీ చేయమని అడగరు. తీగ తెగితే బాగుచేయడానికి వెళ్లిన లారీ మిల్క్‌వీడ్ మీదుగా పోయిందని కేసు పడుతుందన్న టెన్షన్ ఉండదు. వేల మైళ్ల లైన్లున్న కంపెనీకి ఇది కౌలు కంటే విలువైనదే.

లోటు ఏమిటంటే, దీన్ని నడిపేది భయం. జాబితాలో పెడతారన్న బెదురు లేకపోతే ఎంతమంది చేరేవాళ్లో అనుమానమే. ఖర్చు తగ్గుతుందని ఎలాగూ కోత తగ్గించాలనుకున్న శాఖకు ఇది ఉచితంగా వచ్చిన మంచి పేరు కూడా. పైగా రోడ్డు పక్క పూలకు వచ్చే సీతాకోకచిలుకలు కార్లకు తగిలి చస్తుంటాయి.

అయినా నా ఓటు సీసీఏఏకే. హైటెన్షన్ లైను కింద మొక్కజొన్న ధర ఎంత పెరిగినా కంపెనీ పంట వేయదు. ఆ జాగా దశాబ్దాలు అలాగే ఉంటుంది, పైగా తెగకుండా పొడవుగా సాగుతుంది. టెక్సస్ నుంచి మిన్నెసోటా దాకా మోనార్క్‌ల వలస దారిలోని 6 రాష్ట్రాలు 2016లో ఐ-35 హైవే వెంబడి కలిసి పనిచేయడానికి ఒప్పుకున్నది ఈ ఆలోచనతోనే. పంట సరిగ్గా రాని మూల చెక్కలున్న రైతుకు మాత్రం సీపీ-42 చక్కగా సరిపోతుంది. అతనికి సీసీఏఏ ఎలాగూ వర్తించదు.

టెక్సస్‌లో పదో ఇరవయ్యో ఎకరాలు కొన్న మనవాళ్ల సంగతి వేరు. పచ్చిక భూమైతే సీపీ-42 రాదు, ఎందుకంటే దానికి పంట వేసిన చరిత్ర ఉండాలి. పన్ను తగ్గుతుందని చాలామంది తేనెటీగల పెట్టెలు పెడతారు. అవి ఐరోపా నుంచి తెచ్చిన ఈగలు, మోనార్క్‌కు వాటివల్ల ఒరిగేదేమీ లేదు. మిల్క్‌వీడ్ వేయాలనుంటే ప్రభుత్వ వ్యవసాయ శాఖలో నేల సంరక్షణ చూసే ఎన్ఆర్సీఎస్ ఆఫీసుకు వెళ్లి ఈక్విప్ పథకం గురించి అడగడం మంచిది. మొక్కలు వేయడానికి, ముళ్లపొదలు కొట్టించడానికి ఖర్చులో వాటా ఇస్తారు.

కంపెనీలకు మాత్రం తీరిక లేదు. మోనార్క్‌ను ముప్పున్న జాతిగా చేర్చాలని ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ 2024 డిసెంబరులో ప్రతిపాదించింది. ఆ నిర్ణయం అమల్లోకి వచ్చాక సీసీఏఏలో కొత్తగా చేరడం కుదరదు.