జీప్ రాంగ్లర్‌కు పిన్ను రకం స్వే బార్ డిస్‌కనెక్ట్ లింకులు: ఏది కొనాలి, ఎలా బిగించాలి

రూబికాన్ (రాంగ్లర్‌లో రాళ్ల దారుల కోసం చేసిన రకం) కాని రాంగ్లర్‌తో రాళ్ల దారికి వెళ్లాలనుకునే వాళ్లు మొదట బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ ధరలు చూస్తుంటారు. మొదటి ఖర్చు పెట్టాల్సింది ముందు ఇరుసు స్వే బార్ లింకుల మీద, అంటే ఆ బార్‌ను ఇరుసుకు కలిపే కడ్డీల మీద. పిన్ను రకంలో పిన్ను లాగితే ఇవి విడిపోతాయి. అమెరికాలో జేకే (2007–2018), జేఎల్ (2018 నుంచి) మోడళ్లకు ఈ కిట్లు చాలావరకు 100 నుంచి 250 డాలర్ల మధ్య దొరుకుతాయి. జేకేఎస్, టెరాఫ్లెక్స్, రూబికాన్ ఎక్స్‌ప్రెస్, రఫ్ కంట్రీ వంటి కంపెనీలన్నీ వీటిని అమ్ముతున్నాయి. ఇంత తక్కువ డబ్బుకు ఇంత తేడా చూపించే భాగం ఇంకొకటి లేదు, అదీ సరిగ్గా బిగిస్తేనే.

రాంగ్లర్ ముందు ఇరుసు ఒకే గట్టి ముక్క. స్వే బార్ దాని రెండు కొసలనూ ఛాసిస్‌తో ముడివేసే స్ప్రింగు స్టీలు కడ్డీ. మలుపులో బండి ఒరగకుండా ఆపేది అదే. ఎడమ చక్రం రాయెక్కినప్పుడు కుడి చక్రాన్ని కిందికి దిగనివ్వనిదీ అదే. లాకర్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పే తాళం) లేని డిఫరెన్షియల్ అయితే గాల్లో తేలిన చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీది చక్రానికి తోపు అందదు. ట్రాక్షన్ కంట్రోల్ బ్రేకు వేసి కొంత కాపాడినా, చక్రం నేలను వదలకుండా ఉండటంతో అది సరితూగదు. ముందు బార్ ఒక్కటి విప్పితే చాలు. వెనక బార్ జోలికి వెళ్లొద్దు, పక్కవాలులో బండి ఒరగకుండా ఆపడానికి మిగిలే బార్ అదొక్కటే.

రూబికాన్‌లో ఈ పని డ్యాష్‌బోర్డు మీది స్విచ్చు చేస్తుంది, గంటకు 29 కిలోమీటర్లు దాటగానే బార్ తనంతట తానే మళ్లీ కలుస్తుంది. పిన్ను రకానికి ఆ కాపలా లేదు. దాని బదులు నీళ్లకు, బురదకు పాడయ్యే మోటారూ వైరూ ఉండవు. నాకైతే పిన్నే నమ్మకం. రోజులో నాలుగుసార్లు రోడ్డూ అడవీ మారే వాళ్లకు మాత్రం ఎప్పుడూ విప్పనక్కర్లేని, మెత్తటి యాంటీరాక్ రకం బార్ మేలు, ధర ఎక్కువైనా.

కిట్ ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి: పొడవు మార్చుకునే వీలు, గ్రీజు పెట్టే చోటు, విప్పిన లింకును తగిలించి ఉంచే పోస్టు. మూడోది లేని కిట్ ఎంత చవకైనా వద్దు. కట్టకుండా వదిలేసిన లింకు ఊగి టైరును కోస్తుంది, బ్రేకు హోసును కొడుతుంది. ప్లాస్టిక్ టైతో కట్టి నడిపేవాళ్లున్నారు, అది తెగితే జరిగేది కూడా ఇదే.

పాత లింకులు విప్పడం తేలిక. జాకీ అక్కర్లేదు, అసలు ఎత్తకూడదు కూడా. నాలుగు చక్రాలూ సమతల నేల మీద ఉంటేనే బార్‌లో బిగువు ఉండదు, బోల్టులు చేతికి వస్తాయి. 18 మి.మీ. సాకెట్, అదే సైజు పానా చాలు. తుప్పు ఉంటే ముందు రోజే నూనె కొట్టి ఉంచండి. పైనట్టుతో పాటు స్టడ్ కూడా తిరిగితే దాన్ని వెనక నుంచి పట్టుకుని విప్పాలి. రెండు వైపులా పాత లింకులు పూర్తిగా తీశాకే కొత్తవి మొదలుపెట్టండి, ఒకవైపు పాతది ఉంటే బార్ మెలిపడి రంధ్రాలు కలవవు.

అసలు పనంతా పొడవు దగ్గరే. బండిలో మామూలుగా మోసే సామాను పెట్టి, బార్ చేతులు (లింకులు తగిలే రెండు వంగిన కొసలు) నేలకు దాదాపు సమాంతరంగా వచ్చేదాకా లింకు మరను తిప్పి పొడవు సరిచేయండి. లిఫ్ట్ పెరిగేకొద్దీ లింకు పొడుగు కావాలి, అందుకే కిట్లు లిఫ్ట్ ఎత్తును బట్టి వేరువేరుగా వస్తాయి. లింకు పొట్టిదైతే చేతులు కిందికి వాలి ఉంటాయి. చక్రం పూర్తిగా దిగినప్పుడు చేయీ లింకూ ఒకే గీతలోకి వచ్చి, తిరిగి లేచేటప్పుడు అటువైపు మడతపడి ఇరుక్కుంటాయి. స్టీరింగు చేతిలో ఉండగా రోడ్డు మీద ఇలా జరిగితే చాలా ప్రమాదం. మరీ పొడుగైతే స్ప్రింగు నొక్కుకున్నప్పుడు చేయి పైకి లేచి అక్కడున్న భాగాలకు తగులుతుంది. రెండు లింకులూ మొదట ఒకే పొడవుకు పెట్టి, ఒకవైపు లింకును దాని బిగింపు పోస్టుకు (పిన్ను పట్టే కడ్డీకి) ఎక్కించి పిన్ను వేయండి. రెండోది వేళ్లతో తోస్తే ఎక్కాలి. ఎక్కకపోతే దాన్ని అర చుట్టు చొప్పున సరిచేయండి, సుత్తి ముట్టుకోవద్దు. మర కనీసం దాని వ్యాసమంత లోతు లోపల ఉండాలి, ఆ తర్వాతే లాక్ నట్టు బిగించాలి.

బిగింపు పోస్టు నట్టుకు థ్రెడ్ లాకర్ (నట్టు వదులవకుండా పట్టే జిగురు) రాసి, కిట్‌తో వచ్చిన కాగితంలోని టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి, కంపెనీని బట్టి బోల్టు మారుతుంది కాబట్టి మరో కిట్ అంకె పనికిరాదు. రబ్బరు బుష్‌లున్న బోల్టును బండి తన కాళ్ల మీద నిలిచి ఉండగా బిగించాలి. గాల్లో బిగిస్తే బుష్ మెలిపడిన స్థితిలోనే ఉండి తొందరగా చీలుతుంది.

తర్వాత బార్ విప్పి, లింకులను తగిలించి ఉంచే పోస్టులకు పెట్టి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి టైరుకూ లింకుకూ మధ్య ఖాళీ చూడండి. ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, రెండో చక్రం దగ్గర బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు బిగుసుకుంటున్నాయేమో చూడండి. బార్ లేనప్పుడు చక్రాన్ని ఆపేది షాక్ అబ్జార్బర్ పొడవే. పొడుగు షాకులు వేసిన బండికి హోసు చాలకపోవచ్చు.

మన దేశంలో చాలామంది అడిగేది థార్ గురించి. 2020 తర్వాతి థార్‌కు ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి ఈ కిట్లు దానికి పనికిరావు. జిమ్నీకి రెండు ఇరుసులూ గట్టివే, సూత్రం అదే, కానీ రాంగ్లర్ లింకులు కాదు, దాని కొలతకు చేసినవే కొనాలి.

వాడకంలో రెండు ఫిర్యాదులు ఎక్కువ. కీచుమనే చప్పుడు ఎండిన బుష్ వల్ల వస్తుంది, పాలీయురెథేన్ అయితే సిలికాన్ గ్రీజు పెట్టాలి. టకటకమనే చప్పుడు బిగింపు పోస్టు అరిగి వదులైతే వస్తుంది, దానికి గ్రీజు మందు కాదు, పోస్టు మార్చాల్సిందే. ఇసుకలో, బురదలో తిరిగొచ్చాక పోస్టు తుడిచి గ్రీజు రాస్తే ఈ అరుగుదల చాలా తగ్గుతుంది. మొదటి 150 కిలోమీటర్లకు నట్లన్నీ మళ్లీ టార్క్ చూడాలి. తిరిగి కలిపేటప్పుడు నేల వాలుగా ఉండి రంధ్రం కలవకపోతే, ఒకరు బంపరు మూలను నొక్కుతుండగా ఇంకొకరు పిన్ను వేస్తే సరిపోతుంది. పిన్నుకు కట్టిన తాడు తెగడం మామూలే, కాబట్టి డ్యాష్‌బోర్డు అరలో రెండు అదనపు పిన్నులు ఉంచుకోండి.