కోను టోపీ వెల్లింగ్టన్, ఒక ఇటలీ శిల్పి

లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి గ్లాస్గోకు రైల్లో సుమారు నాలుగున్నర గంటలు. ఒక్క విగ్రహం కోసం ఇంత దూరమా అని మా ఆవిడ దారిపొడవునా సణుగుతూనే ఉంది. ఆధునిక కళల మ్యూజియం ముందు దాన్ని చూశాక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. నెపోలియన్‌ను వాటర్లూలో ఓడించిన సేనాని ఆర్థర్ వెల్లెస్లీ, అదే వెల్లింగ్టన్ ప్రభువు, గుర్రమెక్కి ఉంటే నెత్తిన ట్రాఫిక్ కోను! అధికారులు తీసేయడం, రాత్రికి రాత్రి ఎవరో ఎక్కి మళ్లీ తొడగడం దశాబ్దాల ముచ్చట. ఎవరూ ఎక్కకుండా దిమ్మె ఎత్తు పెంచుదామని 2013లో అనుకున్నారు గానీ జనం గోల చేయడంతో మానుకున్నారు.

నవ్వుకుని వచ్చేయకండి, దిమ్మె చుట్టూ తిరగండి. కంచు పలకల్లో ఒకదాని మీద వాటర్లూ ఉంది, ఇంకొకదాని మీద మరాఠాలతో మన జాల్నా దగ్గర జరిగిన అస్సాయే యుద్ధం! 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సైన్యాన్ని నడిపించిన వెల్లెస్లీ ఈయనే మరి. వాన చారలు కట్టిన ఆ పలక దగ్గరే అరగంట గడిచిపోయింది.

ఈ విగ్రహం చేసినవాడు కార్లో మారొకెట్టి. 1805లో ట్యూరిన్‌లో పుట్టాడు, పెరిగింది పారిస్‌లో. 1844 నాటి ఈ పనిని పరదేశికి ఇచ్చారని బ్రిటిష్ శిల్పులు గుర్రుమన్నారు. 1848 విప్లవంలో ఫ్రాన్స్ రాజు గద్దె దిగాక ఇతను ఏకంగా లండన్‌కే మకాం మార్చి, విక్టోరియా రాణి ఆదరణ సంపాదించాడు. గుర్రుమన్నవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో!

మ్యూజియంలో ప్రవేశం ఉచితం. మా బస మాత్రం దండగ. స్టేషన్‌కు దగ్గరని నాలుగో అంతస్తులో గది తీసుకుంటే లిఫ్టు లేదు, వేడినీళ్లు ఉదయం ఏడు దాటితే లేవు. కాస్త దూరమైనా లిఫ్టు ఉందో లేదో అడిగి తీసుకోండి.

లండన్‌లో పార్లమెంటు ముందున్న, మారొకెట్టి చేసిన ఇంగ్లండ్ రాజు సింహహృదయ రిచర్డ్ విగ్రహం ఇంతకన్నా ప్రసిద్ధం. 1940 బాంబు దాడిలో వంగిన కత్తిని తర్వాత సరిచేశారు. మాకు అక్కడ జనం తోపులాటలో నిలబడే చోటే దొరకలేదు. ట్రాఫల్గర్ స్క్వేర్ సింహాల రూపకల్పన చిత్రకారుడు లాండ్‌సీర్‌దైనా, వాటిని పోతపోసింది మారొకెట్టే. పిల్లలుంటే అక్కడికే తీసుకెళ్లండి.

అతని దేవదూత శిల్పం కాన్పూరు చర్చి ఆవరణలో ఉంది. ఇంకా చూడలేదు. వెళ్లినవాళ్లుంటే, అక్కడ లిఫ్టున్న బస ఏదైనా ఉంటే చెప్పండి.