డ్రైవర్ల వెరిఫికేషన్ ఏజెన్సీ: లైసెన్సు చెకింగ్ భేష్, కోర్టు రిపోర్టుతోనే తలనొప్పి

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలకు స్టాఫ్ క్యాబ్‌లు తిప్పుతాం. నైట్ షిఫ్ట్ ఆడపిల్లల్ని ఇంటి దగ్గర దింపే పని కాబట్టి ప్రతి డ్రైవర్‌కూ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాం. దానికి పెట్టుకున్న ఏజెన్సీ పేరు రాయను, పనితీరు మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను.

లైసెన్సు చెకింగ్‌కి వంక పెట్టలేం. ట్రాన్స్‌పోర్ట్ బండి నడిపే అర్హత ఉందా, ఎప్పటిదాకా చెల్లుతుంది, అన్నీ స్పష్టంగా ఇస్తారు. అడ్రస్ దగ్గరికి మనిషే వెళ్లి చూసొస్తాడు.

చిక్కంతా కోర్టు రికార్డుతోనే. ఈమధ్య ఒక డ్రైవర్ రిపోర్టులో ఎర్ర రంగులో "క్రిమినల్ రికార్డు ఉంది" అని ఒక్క ముక్క రాసి పంపారు. ఏ సెక్షనో, ఏ ఏడాదో, ఏం తీర్పో లేదు. ఆ ఎరుపు చూడగానే క్లయింట్ వాళ్లు వద్దన్నారు. అతన్ని పిలిచి అడిగితే ప్లాస్టిక్ కవర్లోంచి నలిగిపోయిన కోర్టు రసీదు తీశాడు. 2018లో సొంత బైక్ మీద డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్, 2000 ఫైన్. గోషామహల్‌లో ట్రాఫిక్ పోలీసులు పెట్టే కౌన్సెలింగ్‌కి భార్యను కూడా తీసుకెళ్లాడట. "ఫైన్ కట్టినంక అయిపోయిందనుకున్న అన్నా" అన్నాడు.

చాలామంది అలాగే అనుకుంటారు. సిగ్నల్ జంప్ చలానా వేరు, ఇది వేరు. 185 కేసును పోలీసులే ఫైన్ కట్టించుకుని మూసేయడానికి వీల్లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. అక్కడ ఒప్పుకుని ఫైన్ కట్టినా అది శిక్ష కిందే లెక్క. బ్రిటన్‌లో 1974 చట్టం ప్రకారం చిన్న శిక్షలు కొన్నేళ్లకు లెక్కలోంచి పోతాయి, మన దగ్గర పెద్దవాళ్లకు అలాంటి చట్టం లేదు. కాబట్టి డ్రైవర్ తమ్ముళ్లూ, ఫారంలో "శిక్ష ఏమైనా పడిందా" అని అడిగినచోట దాచకండి. పాత కేసు కన్నా ఆ దాచడమే ఉద్యోగానికి ఎక్కువ చేటు.

తాగి నడపడాన్ని నేను వెనకేసుకురావడం లేదు. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి ప్రాణం తీసి, పాత ఐపీసీ 304ఎ సెక్షన్ కింద శిక్ష పడినవాణ్ని నా బండి ఎక్కించను. కానీ దానికీ, ఏళ్ల కిందటి ఒక్క ఫైన్‌కీ ఒకే ఎర్ర రంగు వేసి పంపితే నేనేం తేల్చుకోను? ఇంకో డ్రైవర్ విషయంలోనైతే కేసే అతనిది కాదు. పేరూ తండ్రి పేరూ కలిసిన వేరే ఊరి మనిషిది. పుట్టిన తేదీ, అడ్రస్ సరిపోల్చమని మేం గట్టిగా పట్టుబడితే గానీ తీసేయలేదు.

అడిగాక మాత్రం బాగానే స్పందించారు. సెక్షన్, తేదీ, ఫైన్ వేసి కొత్త రిపోర్టు ఇచ్చారు. అది చూశాక క్లయింట్ ఆ అబ్బాయిని డే షిఫ్ట్‌కి ఒప్పుకున్నారు. ఇలాంటి వివరాలు అడక్కుండానే ప్రతి రిపోర్టులో ఇవ్వాలని కాంట్రాక్టులో రాయమన్నాను. ఇంకా జవాబు లేదు. అప్పటిదాకా మూడు స్టార్లే.