వంటింటి చెత్తకు ఏది మేలు: ప్లాస్టిక్ డ్రమ్మా, మట్టికుండా, వానపాముల పెట్టా?

వంటింటి చెత్తను కుళ్లబెట్టి కంపోస్టు ఎరువు చేయడానికి ఏ పాత్ర కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక్కటే చూడమంటాను: అందులో వేసిన తడి ఎటు పోతుంది? కూరగాయల తొక్కల్లో, పండ్ల చెక్కుల్లో ముప్పాతిక వంతుకు పైగా నీరే. ఆ నీరు అడుగున నిలిస్తే చెత్తలో గాలి ఆడదు. గాలి ఆడని చోట పెరిగే సూక్ష్మజీవులే కుళ్లిన గుడ్డు వాసన పుట్టిస్తాయి.

ఈ సంగతి నాకు నా మొదటి ప్లాస్టిక్ బకెట్ నేర్పింది. చుట్టూ రంధ్రాలు పెట్టి అడుగును మరిచిపోయాను. మూడో వారంలో పైన అంతా పొడిగానే ఉంది. కర్రతో కదిపి చూస్తే కింద బెత్తెడు లోతున నల్లని నీళ్లు, వాటిలో జిగటగా అతుక్కుపోయిన తొక్కలు. అడుగునా పక్కలా 6 నుంచి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, రెండు ఇటుకల మీద నిలబెట్టి, కింద పళ్లెం పెట్టాక అదే బకెట్ బాగా పనిచేసింది. ప్లాస్టిక్ డ్రమ్ము తేలిక, పగలదు, పెద్ద కుటుంబం చెత్తంతా పడుతుంది. అయితే దాని గోడలు చెమ్మ పీల్చవు. తడి పీల్చడానికి చెత్తలో కలిపే ఎండుటాకులు తగ్గాయంటే రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది.

మట్టికుండకు ఆ ఇబ్బంది తక్కువ. దాని ఒంటినిండా సన్నని రంధ్రాలే కనుక చెమ్మ గోడల గుండా ఆవిరైపోతుంది. రంగు వేసినవి, మెరుగుపూత ఉన్నవి మాత్రం తీసుకోవద్దు. ఆ పూత రంధ్రాలను పూడ్చేస్తుంది. ఎండలు ముదిరితే లోపలి చెత్త పొడిబారి కుళ్లడమే ఆగిపోతుంది, అప్పుడు నీళ్లు చిలకరించాలి. బరువు, పగిలే భయం ఎలాగూ ఉన్నాయి. అయినా కొత్తవారి పొరపాట్లను ఎక్కువగా కాచేది కుండే. ముగ్గురు నలుగురున్న ఇంటికి నా ఓటు దానికే.

వానపాముల ఎరువు చాలా మేలైనది. కానీ అవి ప్రాణులు. ఈ పనికి వాడే ఎర్ర వానపాములకు 15 నుంచి 25 డిగ్రీల వేడి హాయి. నేరుగా ఎండ తగిలితే చచ్చిపోతాయి. నిమ్మ తొక్కలు, ఉల్లిపాయలు, ఉప్పు కలిసిన వంటకాలు వాటికి పడవు. కుండలోనో డ్రమ్ములోనో కనీసం ఒక విడత ఎరువు మీ చేతులతో తయారు చేశాకే వాటిని ఇంటికి తెచ్చుకోండి.

కుండైనా డ్రమ్మైనా కొలత ఒకటే: గిన్నెడు తడి చెత్తకు రెండు గిన్నెల ఎండుటాకులు గానీ చింపిన అట్టముక్కలు గానీ. ప్రతిసారీ పైన పొడి పొరతో కప్పితే ఈగలు ముసరవు. వారానికోసారి కలిపి, పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే చెమ్మ సరిపోయినట్టే. ధారగా కారితే ఇంకా ఆకులు వేయండి. మాంసం, నూనె, పాల పదార్థాలు వద్దు. చిన్న పాత్రలో గింజలు చచ్చేంత వేడి పుట్టదు కాబట్టి, ఎరువు వేసిన కుండీలో టమాటా మొలకలు వస్తే కంగారు పడకండి.

వీలైతే మొదటే రెండు కుండలు తీసుకోండి. ఒకటి నిండాక దాన్ని రెండు మూడు నెలలు మాగనివ్వాలి, ఈలోగా రోజువారీ చెత్త రెండోదానిలోకి పోతుంది.