ముస్లింల తరఫున ఎవరు మాట్లాడాలి: సొంత పార్టీయా, పెద్ద పార్టీ నాయకులా, మత పండితులైన ఉలేమాలా, బస్తీ మనుషులా?

2023 డిసెంబరులో తెలంగాణలో కొత్త ప్రభుత్వం ఏర్పడినప్పుడు మంత్రివర్గంలో ఒక్క ముస్లిం కూడా లేరు. గెలిచిన కాంగ్రెస్‌కు ముస్లిం ఎమ్మెల్యేనే లేరు. శాసనసభలోని ఏడుగురు ముస్లిం సభ్యులూ మజ్లిస్ పార్టీ (ఎంఐఎం) వారే. దాదాపు రెండేళ్ల తరువాత, 2025 అక్టోబరు 31న కాంగ్రెస్ నాయకుడు, మాజీ క్రికెటర్ అజహరుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు, జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకు రెండు వారాల గడువు కూడా లేదు. ఒకవైపు సభలో కూర్చున్నా అధికారం లేని ఏడుగురు, మరోవైపు సభ్యత్వం లేకుండానే అధికారంలోకి వచ్చిన ఒక్కరు. ముస్లింలకు ప్రాతినిధ్యం ఎవరు వహించాలన్న ప్రశ్న హైదరాబాద్‌లో కొత్తది కాదు గానీ, ఇంత స్పష్టంగా ఎన్నడూ మన ముందుకు రాలేదు.

ముందుగా మజ్లిస్. 1927లో పుట్టి, రజాకార్ల కాలంలో అపకీర్తి మూటగట్టుకుని, 1948 సైనిక చర్య తరువాత నిషేధానికి గురైన సంస్థ ఇది. 1957లో అబ్దుల్ వాహెద్ ఒవైసీ నాయకత్వంలో భారత రాజ్యాంగానికి లోబడి మళ్లీ మొదలైంది. 1984 నుంచి హైదరాబాద్ లోక్‌సభ స్థానం ఆ కుటుంబం చేతిలోనే ఉంది. మొదట సలావుద్దీన్, 2004 నుంచి అసదుద్దీన్. 2024లో ఆయన ఆధిక్యం మూడు లక్షలు దాటింది. ఈ గెలుపును మతోద్వేగంగా కొట్టిపారేసేవారు పార్టీ ప్రధాన కార్యాలయం దారుస్సలాంకు ఒక ఉదయం వెళ్లి చూడాలి. ఎమ్మెల్యేలు బల్లల ముందు కూర్చుని ఉంటారు. ఆసుపత్రి ఖర్చులకు ఒకరు, రేషన్ కార్డుకు ఒకరు, కాలేజీ ఫీజుకు ఒకరు అర్జీలు పట్టుకుని వరుసలో నిలబడతారు. నేరుగా వెళ్లి ఎమ్మెల్యేను అడగగలగడం రాష్ట్రంలో ఎన్ని నియోజకవర్గాల ప్రజలకు సాధ్యం? పార్లమెంటులో కూడా అంతే. వక్ఫ్ సవరణ బిల్లు వచ్చినప్పుడు సంయుక్త కమిటీలో కూర్చుని, సెక్షన్ల వారీగా వాదించి, సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసింది అసదుద్దీనే. ఆ పని చేయగల ముస్లిం సభ్యుడు పెద్ద పార్టీలో ఉంటే, ముందు పార్టీ విప్ వైపు చూడవలసి వచ్చేది.

ఇంత బలం ఉన్న పార్టీలోని లోటు కూడా అంతే పెద్దది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు 12.7 శాతం, అంటే సుమారు 44 లక్షల మంది. వారిలో హైదరాబాద్ జిల్లావాసులు 17 లక్షలు. ఐదుగురిలో ముగ్గురు జిల్లా బయటే బతుకుతున్నారు. మజ్లిస్ ఎమ్మెల్యేలు మాత్రం ఏడుగురూ ఈ జిల్లా వారే. 2023లో ఆ పార్టీ పోటీ చేసిందే తొమ్మిది చోట్ల, మిగతా రాష్ట్రంలో బీఆర్‌ఎస్‌కు ఓటు వేయమంది. నిజామాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో, ఆదిలాబాద్‌లో ఉన్న ముస్లిం ఎవరి బల్ల ముందు నిలబడాలి? జనాభా దామాషా చూస్తే 119 మంది సభలో 15 మంది ముస్లింలు ఉండాలి. ఏడు కోటలను భద్రంగా కాపాడుకున్నంత మాత్రాన ఆ సంఖ్య రాదు.

రెండో దారి పెద్ద పార్టీల్లోని ముస్లిం నాయకులు. ఈ రెండు దారులూ పాతబస్తీలోనే ఒకసారి ముఖాముఖి తలపడ్డాయి. మాసూమా బేగం 1957లో కాంగ్రెస్ తరఫున పత్తర్‌గట్టి నుంచి గెలిచారు, 1960లో రాష్ట్ర మంత్రి అయ్యారు. 1962లో అదే స్థానంలో ఆమెను ఓడించింది మజ్లిస్ అభ్యర్థి సలావుద్దీన్ ఒవైసీ. ఆ ఫలితం గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మజ్లిస్ గెలిచినందుకు కాదు. ఆ తరువాత ఇన్ని దశాబ్దాలలో పాతబస్తీ నుంచి మజ్లిస్ ఒక్క ముస్లిం మహిళనైనా శాసనసభకు పంపలేదు. 2023లో లోక్‌సభ మహిళా రిజర్వేషన్ బిల్లును 454 ఓట్లతో ఆమోదించినప్పుడు వ్యతిరేకించిన ఇద్దరూ మజ్లిస్ ఎంపీలే. బీసీ, ముస్లిం మహిళలకు ఉపకోటా లేదన్నది వారి అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరమే. కానీ సొంత పార్టీ టికెట్లు ఇవ్వడానికి ఏ ఉపకోటా అక్కర్లేదు కదా!

పెద్ద పార్టీలకు మంచి మార్కులు వేయడానికీ మనసొప్పదు. మహమూద్ అలీ 2014లో ఉపముఖ్యమంత్రి, తరువాత 2023 దాకా హోం మంత్రి. రెండు సార్లూ ఆయన శాసనమండలి సభ్యుడే, ప్రజల ఓటుతో నేరుగా గెలిచినవారు కారు. ముస్లిం నాయకుడికి పదవి ఇవ్వడం ఒకటి, గెలిచే చోట టికెట్ ఇచ్చి తన ఓటర్లు తనకున్న నాయకుడిగా ఎదగనివ్వడం మరొకటి. మొదటిది తరచుగా చేస్తారు. రెండోది చేయాలంటే వెనకాడతారు. మండలి సీటు దయతో వచ్చింది కాబట్టి, దయ తప్పితే పోతుంది. ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ అన్న హామీ 2017లో సభ ఆమోదించిన బిల్లు దగ్గరే ఆగిపోయినప్పుడు ప్రభుత్వంలోని ముస్లిం గొంతు గట్టిగా వినబడకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

అయినా ఈ దారిని వదులుకోలేం. నేడు వేలాది ఇళ్లలో పిల్లలకు ఇంజనీరింగ్, వైద్య సీట్లు తెచ్చిపెడుతున్న నాలుగు శాతం రిజర్వేషన్ 2007లో అధికారంలో ఉన్న ప్రభుత్వం చట్టం చేస్తేనే వచ్చింది. అంతకు ముందరి ప్రయత్నాలు కోర్టులో రెండు సార్లు దెబ్బతిన్న తరువాత, పి.ఎస్. కృష్ణన్ వంటి అనుభవజ్ఞుడైన అధికారి నివేదికతో, మతం ప్రాతిపదికగా కాక వెనుకబాటు ప్రాతిపదికగా బీసీ-ఈ వర్గాన్ని ఏర్పరచారు. సభలో ఉపన్యాసం ఎంత బాగున్నా జీవో తీసే కలం చేతిలో ఉండాలి.

ఉలేమాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముస్లిం పర్సనల్ లా బోర్డు 1973లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. ఇప్పటి అధ్యక్షుడు ఖాలిద్ సైఫుల్లా రహ్మానీ కూడా ఈ నగరంలో స్థిరపడినవారే. ధార్మిక విషయాలలో వారి పాండిత్యానికి విలువ ఉంది. కానీ వారిని ప్రజలు ఎన్నుకోలేదు, ఐదేళ్లకొకసారి దించలేరు. నాలా పూడిక గురించీ, స్కాలర్‌షిప్ బకాయిల గురించీ వారిని నిలదీసే వీలు లేదు. రాజకీయ ప్రాతినిధ్యం వారి చేతుల్లో పెట్టడం సరికాదు.

ఇక నాలుగో దారి, పేరులేని మనుషులది. తలాబ్‌కట్టలో లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేసే ఒకామె నాకు తెలుసు. మెత్తబడిన లక్క మీద సన్నని పట్టకారుతో రాళ్లు ఒక్కొక్కటే అద్దుతుంది. డజను లెక్కన కూలి. కూతురికి బీసీ-ఈ సర్టిఫికెట్ కావలసివచ్చింది. వాళ్లు షేక్‌లు, జాబితాలో ఉన్నారు. సయ్యద్‌లు, పఠాన్‌లు లేరు. బడి రికార్డులో ‘ముస్లిం’ అని మాత్రమే ఉంది, కులం గడి ఖాళీ. కార్యాలయంలో దరఖాస్తు వెనక్కి ఇచ్చారు. నాయకుడి ఇంటికి వెళితే లెటర్‌హెడ్ మీద సిఫారసు రాసిచ్చారు, అదీ పనిచేయలేదు. చివరికి పక్క వీధిలో కుట్టు పని చేసే మరో మహిళ దగ్గరుండి నడిపించింది. ఏ తాత బడి కాగితం తేవాలో, విచారణకు వచ్చే ఉద్యోగికి ఏ ఇరుగుపొరుగు చేత చెప్పించాలో ఆమెకు తెలుసు. ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. ఎన్నికలొస్తే ఆమెకు టికెట్ ఇవ్వాలన్న ఆలోచన ఏ పార్టీకీ రాదు.

మేలైన ప్రతినిధి అలాంటివారిలోంచే రావాలంటాను. ఖురేషీలు, హజామ్‌లు, ఫకీర్లు, దూదేకుల వారు, ఇళ్లలో తెలుగే మాట్లాడే నల్గొండ, ఖమ్మం ముస్లింలు. వీరందరికీ ఒకే కుటుంబం, ఒకే భాష, ఒకే బజారు నుంచి వచ్చినవారు ప్రాతినిధ్యం వహించడం ఎన్నటికీ కుదరదు. 1952లో నల్గొండ జిల్లా హుజూర్‌నగర్ రైతులు కమ్యూనిస్టు మఖ్దూం మొహియుద్దీన్‌ను గెలిపించినప్పుడు ఆయన మతాన్ని చూసి ఓటు వేయలేదు. వెట్టికీ దొరతనానికీ ఎదురు నిలిచిన పార్టీ మనిషని వేశారు. ముస్లిం నాయకుడు ముస్లిం మెజారిటీ స్థానంలోనే గెలవాలన్న రాత ఎక్కడా లేదు.

కాబట్టి నా తూకం ఇలా ఉంటుంది. ఢిల్లీలో హక్కుల పోరాటానికి మజ్లిస్ ఉండాలి. కానీ ఎదురులేని పార్టీగా ఉండకూడదు. 1994లో మజ్లిస్ నుంచి చీలిన అమానుల్లా ఖాన్ పార్టీ ఎంబీటీ (మజ్లిస్ బచావో తెహ్రీక్) రెండు స్థానాలు గెలిచి మజ్లిస్‌ను ఒక్క స్థానానికి పరిమితం చేసింది. 2023లో అదే ఎంబీటీ యాకుత్‌పురాలో 878 ఓట్ల దూరంలో ఆగింది. అలాంటి పోటీ ప్రతి గల్లీకీ మంచిది, కాలువలు వాటంతట అవే శుభ్రపడతాయి. ఓట్లు చీలిపోతాయని భయపెట్టేవారికి ఒక జవాబు ఉంది: మజ్లిస్ గెలిచే ఏడు స్థానాలలో చాలా చోట్ల పోటీ ఇద్దరు ముస్లింల మధ్యే జరిగినా మరొకరు గెలిచే పరిస్థితి లేదు. చీలిక ప్రమాదం నిజంగా ఉన్న చోట, అంటే నిజామాబాద్ అర్బన్, బోధన్ వంటి స్థానాలలో, పెద్ద పార్టీలు ముందే గట్టి ముస్లిం అభ్యర్థిని ఎంచి, ఐదేళ్లూ అక్కడే పని చేయనివ్వాలి. నామినేషన్ల ముందు వారం హైదరాబాద్ నుంచి ఎవరినో దింపడం మానాలి. మజ్లిస్ వచ్చే శాసనసభ ఎన్నికల్లో ఏడింటిలో కనీసం రెండు మహిళలకు, రెండు బీసీ-ఈ వృత్తి వర్గాల వారికి ఇవ్వాలి. జీహెచ్‌ఎంసీలో సగం వార్డులు మహిళలవే కాబట్టి, అనుభవం గడించిన కార్పొరేటర్లు ఆ పార్టీలో ఇప్పటికే ఉన్నారు.