చట్టం మార్చాలా, దేవుణ్ణి పిలిచే తీరు మార్చాలా: యూదు ఫెమినిజంలో ఏది మేలు?

ఈ ప్రశ్నకి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే, అగునా. మొగుడు గెట్ (విడాకుల పత్రం) ఇవ్వక ఆ పెళ్ళిలోనే ఇరుక్కుపోయిన ఆడమనిషి. అతను తన ఇష్టంతో ఇస్తేనే గెట్ చెల్లుతుంది, అది లేకుండా ఆవిడ ఇంకొకర్ని చేసుకుని పిల్లల్ని కంటే ఆ పిల్లలకి మమ్జేర్ అని ముద్ర పడుతుంది, అంటే మామూలు యూదుల్ని పెళ్ళాడే వీలుండదు. ఎంత అన్యాయమో చూడండి.

అమెరికా యూదు రచయిత్రి సింథియా ఓజిక్ 1979లో ఏమన్నారంటే ఆడవాళ్ళకి జరిగే అన్యాయం సమాజం వల్ల వచ్చిన సమస్య, దేవుడి జోలికి పోనక్కర్లేదు, హలాఖా (మత చట్టం) లోపలే సరిచేయాలని. యూదు ఫెమినిస్టు మత తత్వవేత్త జూడిత్ ప్లాస్కో ఒప్పుకోలేదు. దేవుడు చట్టం ఇవ్వబోయే ముందు సినాయి కొండ దగ్గర మోషే జనంతో స్త్రీని చేరకండి అంటాడు కదా (బైబిల్, నిర్గమ 19:15), అంటే ఆ జనం అన్నమాటలో ఆడవాళ్ళు లేనే లేరు, దేవుణ్ణి ఎప్పుడూ మగవాడిగానే ఊహించుకున్నంతకాలం చట్టం ఎన్ని అతుకులేసినా అంతే అన్నారు. ఆ వాక్యం అప్పటిదాకా మామూలుగా చదివేసి వెళ్ళిపోయినదాన్ని, తర్వాత అలా చదవలేకపోయాను.

అయినా నా ఓటు ఇంకో యూదు ఫెమినిస్టు మత తత్వవేత్త రేచల్ ఆడ్లర్‌కే. మామూలు యూదు పెళ్ళిలో వరుడు ఉంగరం ఇచ్చి వధువుని సొంతం చేసుకున్నట్టు లెక్క, దాన్ని కిన్యాన్ అంటారు. ఆడ్లర్ 1998లో ఆ చోట తాల్ముద్ (యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం) లోని వ్యాపార భాగస్వామ్యపు చట్టం తెచ్చిపెట్టారు, ఇద్దరూ చెరో వస్తువూ ఒకే సంచిలో వేసి కలిసి పైకెత్తుతారు, విడిపోవాలంటే ఎవరైనా విడిపోవచ్చు. ఆర్థడాక్స్ (సంప్రదాయాన్ని గట్టిగా పాటించే) యూదులు దీన్ని ఒప్పుకోరు, అది నిజమే. ఇంకో సంగతి, ఆవిడే 1970ల్లో బహిష్టు నియమాల్ని గొప్పగా సమర్థిస్తూ రాసి, 1993లో అది తప్పని అందరిముందూ వెనక్కి తీసుకున్నారు, ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

కానీ ఇవాళ ఇరుక్కుని ఉన్నావిడకి ఈ సంచీ పనికిరాదు, పెళ్ళికి ముందే రాయించుకునే ఒప్పందం (ప్రీనప్) కూడా ఆలస్యమే. ఆవిడకి మటుకు ఓజిక్ దారే, చట్టం బలమే దిక్కు. ఇజ్రాయెల్‌లో 1995 చట్టం వచ్చాక, గెట్ ఇమ్మన్నా ఇవ్వని మొగుడి డ్రైవింగ్ లైసెన్స్ రబ్బీల (యూదు మతగురువుల) కోర్టు ఆపేయొచ్చు, జైల్లో కూడా పెట్టొచ్చు, అయినా కొంతమంది జైల్లో కూర్చుంటారుగానీ గెట్ ఇవ్వరు.