చించిల్లాకి ఏ పంజరం మేలు? రెడీమేడా, వెల్డింగ్ షాపుదా, పాత బీరువానా?

చించిల్లాని, అంటే ఎలుక జాతికి చెందిన, దట్టమైన బొచ్చుండే పెంపుడు జంతువుని తెచ్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కేజ్ కొనమంటారు?" అని. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉండేవాళ్లు దానికంటే ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి. ఆ కేజ్ పెట్టే గదిలో ఏసీ పగలూ రాత్రీ, ఏడాదిలో చాలా నెలలు నడపగలరా? నడపలేకపోతే ఇక కేజ్‌ల గురించి వెతకడం అనవసరం. ఎంత ఖరీదైనది తెచ్చినా అందులో ఆ జీవి బతకదు.

ఇది చిలీ దేశంలో ఆండీస్ కొండల మీద పుట్టిన జంతువు. అక్కడి గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. మనిషికి ఒక కుదురు నుంచి ఒకటో రెండో వెంట్రుకలు వస్తే దీనికి యాభైకి పైగా వస్తాయి. అంత దట్టమైన బొచ్చు ఉండి కూడా చెమట పట్టదు. 15 నుంచి 21 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 25 దాటిందంటే మనం కంగారు పడాల్సిందే. మన దగ్గర మే నెల సంగతి సరే, ఆగస్టులో వాన పడి వెలిసిన రాత్రి కూడా గదిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా తేమ. విదేశాల్లో వీటిని పెంచేవాళ్లు ఒక లెక్క వాడతారు: గది వేడిని ఫారెన్‌హీట్‌లో తీసుకుని, దానికి తేమ శాతం కలిపితే 150 లోపే రావాలి. ఉక్కపోత రోజున మన గదిలో 84 వేడి, 80 తేమ ఉన్నాయనుకోండి, కలిపితే 164. ఏసీని 22 డిగ్రీల మీద, అంటే ఫారెన్‌హీట్‌లో దాదాపు 72 మీద పెట్టి తేమ 55కి దిగితే 127. అదీ తేడా.

ఫ్యాన్ వల్ల లాభం లేదు. చెమట పట్టే మనకి ఫ్యాన్ గాలి చల్లగా తగులుతుంది గానీ, చెమటే లేని దానికి అది ఉత్త వేడిగాలి. వాటర్ కూలర్ అయితే ఇంకా చేటు, గదిలో తేమ పెంచుతుంది. అంటే మన ఇళ్లలో చించిల్లా ఉండాల్సింది ఏసీ ఉన్న గదిలోనే, చాలామందికి అది పడకగదే. కాబట్టి ఆ గది గుమ్మంలోంచి పట్టాలి, మంచానికీ గోడకీ మధ్య ఇమడాలి, రాత్రంతా గలగలా మోగకూడదు. మూడు రకాల పంజరాల్లో ఏది మేలో ఇక్కడి నుంచే తేలుతుంది.

ఏ రకమైనా కొన్ని కొలతలు తప్పవు. జత కోసం అయితే మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, మూడు నుంచి నాలుగడుగుల ఎత్తు. ఇది గెంతే జంతువు కాబట్టి ఎత్తు కావాలి, కానీ ఖాళీ ఎత్తు ప్రమాదం. పై అర నుంచి జారితే రెండడుగుల కింద ఇంకో అర తగిలేలా మెట్లు మెట్లుగా అమర్చాలి. పెద్దవాటికి ఊచల సందు అంగుళం మించకూడదు. పిల్లలు పుట్టే అవకాశం ఉంటే అర అంగుళం. తల దూరిన సందులోంచి ఒళ్లు కూడా దూరిపోతుంది, కనిపించే లావంతా బొచ్చే. అడుగున తీగ జాలీ ఉంటే పాదాలకు పుళ్లు పడతాయి, గట్టి నేల ఉండాలి. లోపల ప్లాస్టిక్ ఏదీ ఉండకూడదు. దీని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి దొరికిందల్లా కొరుకుతుంది, ప్లాస్టిక్ ముక్కలు మింగితే పేగులో అడ్డం పడతాయి.

చిలకల పంజరాలూ, కుందేళ్ల బోన్లూ పెట్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి, కానీ ఇక్కడితోనే వాటిని వదిలేద్దాం. మొదటిదాంట్లో గెంతడానికి చోటుండదు, రెండోదానికి అడుగున తీగలు. గాజు అక్వేరియంలో గాలే ఆడదు.

ముందు ఆన్‌లైన్‌లో దొరికే రెండంతస్తుల ఇనుప కేజ్ చూద్దాం. విడి ముక్కలుగా పెట్టెలో వస్తుంది, ఇంట్లోనే బిగించుకోవచ్చు, కింద చక్రాలుంటాయి. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడితో కరిగించి అంటించే పూత) ఫ్యాక్టరీలోనే వేస్తారు కాబట్టి నున్నగా ఉంటుంది. ఇల్లు మారినప్పుడు విప్పి ఆటోలో వేసుకోవచ్చు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకీ, బదిలీల ఉద్యోగాలవాళ్లకీ ఇది చిన్న సుఖం కాదు. తలుపులు పెద్దవి కావడంతో శుభ్రం చేయడమూ తేలిక.

లోపలి సామానుతోనే దీని తంటా. అరలు, నిచ్చెన, అడుగు ట్రే చాలావాటికి ప్లాస్టిక్‌వే ఇస్తారు. వాటిని తీసి పక్కన పడేసి, పైన్ చెక్క అరలు బిగించుకోవాలి, ట్రే స్థానంలో స్టీలు ట్రే చేయించుకోవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, పిల్లుల కోసం చేసిన కేజ్‌ని కూడా "చించిల్లా కేజ్" అని అదే పేరుతో అమ్మేస్తున్నారు. బొమ్మలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఊచల సందు ఎంతో రాయకుండా ఉంటే కొనకండి. తెచ్చాక స్కేలు పెట్టి కొలవండి, ముఖ్యంగా తలుపు అంచు దగ్గరా, రెండు ముక్కలు కలిసే చోటా. అక్కడే సందు ఎక్కువ ఉంటుంది.

పాత బీరువా ఆలోచన చాలామందికి వస్తుంది. అద్దాల తలుపులు తీసేసి జాలీ కొడితే అందంగా ఉంటుంది, డబ్బూ కలిసొస్తుంది, హాల్లో పెడితే చుట్టాలు మెచ్చుకుంటారు. నా మాట మాత్రం వద్దనే. మన ఇళ్లలో పాత చెక్క సామానుకి చెదల మందు కొట్టని ఇల్లు అరుదు. ఎప్పుడు ఏ మందు కొట్టారో ఎవరికీ గుర్తుండదు, చించిల్లా దాన్నే కొరుకుతుంది. వార్నిష్, పాత రంగులు, ప్లైవుడ్‌లోని జిగురు సరేసరి. పైగా మూడువైపులా మూసి ఉండటం వల్ల లోపల వేడి నిలిచిపోతుంది. గదిలో ఏసీ 22 చూపిస్తుంటే లోపల మూలన అంతకంటే ఎక్కువ ఉంటుంది. మూత్రం చెక్కలోకి ఇంకాక వాసన పోగొట్టడం ఎవరి వల్లా కాదు. రెండు పక్కలు కోసేసి జాలీ వేయించి, లోపల స్టీలు రేకు కొట్టించి బాగుచేయించొచ్చు, కానీ ఆ ఖర్చుతో కొత్తది వెల్డింగ్ చేయించుకోవచ్చు. ఇక ఇనుప బీరువా అయితే కొలిమే.

నా ఓటు వెల్డింగ్ షాపుకి. కిటికీ గ్రిల్స్, గేట్లు చేసే షాపు మన దగ్గర ప్రతి వీధి చివరా ఉంటుంది. కొలతలు చెబితే మనక్కావలసినట్టే చేస్తారు. ఏం పెంచడానికో చెబితే మాత్రం "ఎలకకి ఇంత బోనేటి బాబూ!" అని నవ్వుతారు, నవ్వనివ్వండి. అయితే వాళ్లకి అలవాటైన పద్ధతిలో వదిలేస్తే గేటు తయారవుతుంది గానీ పంజరం కాదు. కొన్ని విషయాలు గట్టిగా చెప్పాలి.

మొదటిది లోహం. మామూలు ఇనుముతో చేసి, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన ఎనామిల్ పెయింట్ వేయడం వాళ్ల అలవాటు. ఆ పెయింట్‌ని చించిల్లా పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. సముద్రపు ఉప్పుగాలికి ఆ పెచ్చు ఊడిన చోట తుప్పు మొదలవుతుంది, దానికి మూత్రం తోడవుతుంది. జీఐ జాలీ అంటారు, అదీ అనుమానమే. దాని మీద ఉండేది జింక్ పూత, కొరికి మింగితే విషం. మూలల్లో పూసలు కట్టిన జింక్ ఉన్న జాలీ అసలు వద్దు. మిగిలేవి రెండు దారులు: ఇనుముతో చేయించి పౌడర్ కోటింగ్‌కి పంపడం, లేదా స్టెయిన్‌లెస్ స్టీలు. డబ్బు పెట్టగలిగితే స్టీలే. రంగు గొడవ లేదు, కడిగితే చాలు. స్టీలులోనూ 304 రకం అడగండి. మెట్ల రెయిలింగులకి ఎక్కువగా వాడే 202 ఉప్పుగాలికి త్వరగా మచ్చలు పడుతుంది. షాపులో అయస్కాంతం పెట్టి చూపించి "అంటలేదు కదా, మంచి స్టీలే" అంటారు. 202కీ అంటదు, 304కీ అంటదు, ఆ పరీక్షతో తేలదు. బిల్లు మీద రాయించుకోవడమే మార్గం.

జాలీ అర అంగుళం బై అంగుళం గడులది, తీగ 14 గేజ్, అంటే రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే సరిపోతుంది. ఈ చిన్న గడులు చించిల్లా బయటికి రాకుండా మాత్రమే కాదు. మన పల్లెల్లో, పట్టణం చివర ఇళ్లలో పందికొక్కులు, పాములు లోపలికి రాకుండా కూడా. రెడీమేడ్ కేజ్‌కి అంగుళం సందు ఉంటే సన్న పాముకి అది దారే. నేల ఇంటివాళ్లకి ఈ ఒక్క కారణం చాలు వెల్డింగ్ షాపుకి వెళ్లడానికి.

పంజరం మొత్తాన్ని ఒకే ముక్కగా చేయించకండి. రెండడుగుల ఎత్తువి రెండు పెట్టెలుగా చేసి బోల్టులతో ఒకదానిపై ఒకటి బిగించేలా చెప్పండి. మేడ మెట్లు ఎక్కాలన్నా, గుమ్మం దాటాలన్నా, కడగడానికి డాబా మీదకి మోయాలన్నా అదే సుఖం. వెల్డింగ్ అయ్యాక ప్రతి అతుకునీ గ్రైండింగ్ చేయించి, పాత చీర ముక్కతో లోపలంతా ఒకసారి తుడవండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ మొన మిగిలింది. జాలీ కోసిన చివర్లు లోపలివైపు ఉండకూడదు. తలుపుకి మామూలు గడియతో పాటు ఒక చిన్న కొక్కెం కూడా పెట్టించండి. ఊపిస్తే జారిపోయే గడియని ఇది ఒక్క రాత్రిలో కనిపెడుతుంది.

అరలకి చెక్క ఎక్కడ దొరుకుతుందంటే, యంత్రాలు దిగుమతి అయ్యే పైన్ ప్యాకింగ్ పెట్టెలు టింబర్ డిపోల్లో దొరుకుతాయి. వాటి మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. రెండోది వద్దు. నూనె మరకలున్నది కూడా వద్దు. దేవదారు, మామిడి, జీడి చెక్కలు వాడకండి. పలాస వైపు జీడి చెక్క సులువుగా దొరుకుతుంది కదా అనిపిస్తుంది, కానీ ఆ జాతి చెట్ల పాలు ఒంటికి తగిలితేనే పొక్కుతుంది, ఇక నోట్లో వేసుకుంటే చెప్పేదేముంది. డిపోలో ఊరికే ఇచ్చే రంపపు పొట్టు కింద పరవడానికి పనికిరాదు. ఏ చెక్కదో తెలియదు, సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్టు బదులు ఫ్లీస్ గుడ్డ (దుప్పట్లకి వాడే మెత్తటి గుడ్డ) పరిచి, రెండు మూడు రోజులకోసారి ఉతుక్కోవడం మన వాతావరణానికి నయం.

చల్లదనానికి మనకి ఒక సదుపాయం ఉంది. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు, కోత యూనిట్లు ఉన్నాయి. అక్కడ మిగిలిన ముక్కల్ని అడుగు బై అడుగు కోయించి, అంచులు నున్నగా అరగదీయించి, ఒకటి కింది అరమీద, ఒకటి నేలమీద పెట్టండి. చించిల్లా దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. బరువు ఎక్కువ కాబట్టి పై అరల్లో వద్దు. గ్రానైట్ ఏసీకి తోడే గానీ ఏసీకి బదులు కాదు, వేడి గదిలో రాయి కూడా వేడెక్కుతుంది. వెల్డింగ్ పంజరానికి గ్రానైట్ బరువు ఓ లెక్క కాదు. రెడీమేడ్ కేజ్‌లో సన్న తీగల మీద పెడితే వంగిపోతాయి, అక్కడ నేలమీద మాత్రమే పెట్టాలి.

కాబట్టి సొంతిల్లు, ఏసీ గది ఉన్నవాళ్లు స్టీలుతో చేయించుకోండి. చించిల్లాల ఆయుష్షు పది నుంచి ఇరవై ఏళ్ల దాకా ఉంటుంది, ఆ లెక్కన ఖర్చు పెద్దదేం కాదు. రెండేళ్లకోసారి ఊరు మారేవాళ్లు రెడీమేడ్ తీసుకుని, లోపలి ప్లాస్టిక్ అంతా మార్చేయండి.

అమర్చే చోటు గురించి కూడా ఆలోచించాలి. పడమటి గోడకి ఆనించొద్దు, సాయంత్రం దాకా ఆ గోడ వేడి కక్కుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలే చోటూ వద్దు. స్టెబిలైజర్ వైర్లు, కర్టెన్లు పంజరానికి జానెడు దూరంలో ఉంటే లోపలికి లాక్కుంటుంది. తిరిగే చక్రం పెడితే పదిహేను అంగుళాలకి తగ్గకుండా, అడుగు గట్టిగా ఉన్న లోహపుదే పెట్టండి. రాత్రి మీరు పడుకునే గదిలోనే అది తిరుగుతుంది కాబట్టి బేరింగ్ చప్పుడు కొనే ముందే వినండి. నీళ్లకి గాజు సీసా, స్టీలు గొట్టం. ఇది నీళ్లలో కాకుండా పొడిలో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది; ఆ దుమ్ము స్నానానికి అగ్నిపర్వత బూడిదతో చేసిన పొడే వాడాలి, నది ఇసుక, టాల్కం పౌడర్ రెండూ కావు. ఆ పొడి పోసిన గిన్నెని పావుగంట ఉంచి తీసేయండి. పంజరం ఎత్తులోనే, దాని పక్కనే, వేడీ తేమా రెండూ చూపించే చిన్న మీటరు తగిలించండి. ఏసీ రిమోట్ మీద కనిపించే అంకె మీరు అడిగింది మాత్రమే, గదిలో ఉన్నది కాదు. చెవులు ఎర్రబడి, పక్కకి ఒరిగి రొప్పుతుంటే మీటరు ఎంత చూపించినా అది వడదెబ్బే, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

కరెంటు పోతే ఏం చేస్తారో కూడా పంజరంతో పాటే తేల్చుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టర్ ఏసీని లాగదు. కొన్ని గంటలకైతే ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి పంజరానికి ఆనించి పెట్టొచ్చు. అంతకు మించితే కారు ఏసీలోనో, జనరేటర్ ఉన్న చుట్టాలింటికో తీసుకెళ్లడమే. పెద్ద పంజరాన్ని మోయలేం కాబట్టి ఆ వెల్డింగ్ షాపులోనే మిగిలిన జాలీతో అడుగున్నర పొడుగున్న చిన్న బోను ఒకటి చేయించండి. దాన్ని అటక మీద పెట్టేయకుండా పెద్ద పంజరం లోపలే తలుపు తెరిచి ఉంచితే, చించిల్లా పగలు అందులోనే పడుకోవడం అలవాటు చేసుకుంటుంది. కరెంటు పోయిన రోజు దాన్ని తరిమి పట్టుకోనక్కర్లేదు, తలుపు వేసి ఎత్తుకెళ్లొచ్చు.